ఓర్పు గెలిచిన యాట



నేడు నేను చెప్పబోవునది ఒక యాటను గూర్చిన ముచ్చట. పెద్దలకు ఆటలతో పని యేమని మీరు తలంపవచ్చును. కాని సభలలో తెగని వివాదములు కొన్ని ఆటస్థలమున తెగుచుండును. 1946వ సంవత్సరమున ఉత్తర అమెరికాలో అట్టిది యొకటి జరిగెను.

ఆ యాట పేరు బేస్‌బాల్. మన పిల్లలాడు క్రికెట్టును మీరు చూచియే యుందురు. ఇదియు ఆ జాతికి చెందినదే. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు. ఒకడు బంతిని విసరగా ఎదిరిపక్షమువాడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. నాలుగు మూలల నాలుగు మజిలీలుండును. కొట్టినవాడు వాని నన్నిటిని చుట్టి బయలుదేఱిన చోటికి వచ్చినచో ఒక పరుగు లెక్క. బంతి విసరువాడు ఏమఱియున్న వేళ ఒక మజిలీనుండి మఱియొక మజిలీకి ఉఱుకుటయు నొక విద్యయే. దానిని మజిలీ దొంగిలించుట యందురు. ఈ యాటకు అమెరికాలో పెద్ద సంఘములును, వాని క్రింద చిన్న సంఘములును గలవు. చిన్నబడిలో నెగ్గినవాడు పెద్దబడికి పోయినట్లు, చిన్న సంఘమున రాణించినవాడు పెద్ద సంఘమునకు పోవును.

అయితే ఆ బడివాకిలి కొందఱికి మూసియుండెను. 1887లో ఇంటర్నేషనల్ లీగు అను చిన్న సంఘమువారు, ఇకమీదట నల్లజాతి ఆటగాండ్రను క్రొత్తగా చేర్చుకొనరాదని తీర్మానించిరి. కొలది యేండ్లలో ఈ కట్టుబాటు తక్కిన సంఘములకును ప్రాకెను. చట్టపుస్తకములలో అది లేదు. అయినను అందఱును పాటించిరి. వ్రాయబడని కట్టుబాటునకు ఎంత బలమో ఊళ్ళ పెద్దలకు నేను చెప్ప నక్కఱలేదు. నల్లవారు వేఱుగా తమ సంఘములు కట్టుకొని ఆడుచుండిరి.

బ్రూక్లిన్ పట్టణపు పెద్దజట్టునకు అధ్యక్షుడగు బ్రాంచి రికీ ఈ కట్టుబాటును త్రెంచదలచెను. అతనికి ధర్మబుద్ధియు గలదు. మేలైన ఆటగాండ్రను సంపాదించి గెలువవలెనను లాభదృష్టియు గలదు. 1945 ఆగస్టు 28వ తేదీన అతడు జాకీ రాబిన్సను అను నల్లజాతి యువకుని పిలిపించెను. రాబిన్సను 1919లో జార్జియా రాష్ట్రమున జనించి, కాలిఫోర్నియాలో తల్లి కష్టార్జితముచే పెరిగినవాడు, కళాశాలలో చదివినవాడు, సైన్యమున లెఫ్టినెంటుగా నుండినవాడు. అన్యాయమునకు తలవంచు స్వభావము గాదు. 1944లో బస్సులో వెనుకకు పోయి కూర్చుండుమనగా లేవనని చెప్పి, సైనికన్యాయస్థానమున విచారణ నెదుర్కొని, నిర్దోషియై బయటపడెను. అట్టివానికి రికీ ఒక నియమము పెట్టెను. జనులు తిట్టుదురు, ఆటలో కాలితో తన్నుదురు, అయినను మాఱు పలుకరాదు, చేయి యెత్తరాదు. అతడొక్కమాఱు కోపించినచో ఆ నెపముతో జాతి యంతటికిని వాకిలి మఱల మూతపడును. రాబిన్సను సమ్మతించెను.

రికీ అతనిని కెనడా దేశమునందలి మాంట్రియల్ రాయల్సు జట్టునకు పంపెను. ఆ జట్టు ఆడునది ఇంటర్నేషనల్ లీగులోనే. ఎచ్చట తలుపు వేయబడెనో అచ్చటనే తట్టవలసి వచ్చెను.

1946 వసంతమున ఫ్లారిడా రాష్ట్రమున జట్టు అభ్యాసము చేయుచుండగా, జాక్సన్‌విల్లు పట్టణపువారు ఆటస్థలమునకు తాళము వేసిరి. డేటోనా బీచి పట్టణము మాత్రము ఆడనిచ్చెను. ఏప్రిల్ 18వ తేదీన జెర్సీ సిటీలో మొదటి పందెము. రాబిన్సను మొదటి దెబ్బ వ్యర్థమయ్యెను. రెండవమాఱు కొట్టిన బంతి మైదానపు గోడ దాటి పోయి మూడు పరుగులు తెచ్చెను. అతడు చుట్టి వచ్చునప్పటికి జార్జి షూబా అను తెల్లజాతి సహచరుడు ఎదురేగి చేయి కలిపెను. ఆ ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. ఆ దినమున రాబిన్సను అయిదు పర్యాయములలో నాలుగుమాఱులు సఫలుడై, రెండు మజిలీలు దొంగిలించెను. రాయల్సు 14–1గా గెలిచిరి.

తరువాతి దారి సుగమము గాదు. బాల్టిమోరులో ప్రేక్షకులు దుర్భాషలాడిరి. సిరక్యూసులో ఎదిరిజట్టువాడొకడు నల్లపిల్లిని మైదానములోనికి వదలి, అదిగో నీ చుట్టమని పరిహసించెను. రాబిన్సను కఱ్ఱతోనే సమాధానము చెప్పెను. కాని మ్రింగిన కోపము లోపల దహించుచుండును గదా! నిద్ర పట్టక, అన్నము సయింపక కృశించుటచే వైద్యుడు విశ్రాంతి తీసికొమ్మని చెప్పవలసివచ్చెను.

ఇచ్చట మాంట్రియల్ ప్రజలను స్మరింపవలెను. ఫ్రెంచి మాటలాడువారి వీథిలో ఆ దంపతులకు ఇల్లు అద్దెకు దొరకెను. అతని భార్య రేచెలు గర్భవతి యని తెలిసి, ఇరుగుపొరుగు స్త్రీలు తమ రేషను చీట్లను పంచియిచ్చిరి. బయట ఎన్ని మాటలు పడినను ఇంటికి చేరినచో మనుష్యులుండిరి.

ఆ యేడు రాయల్సు 100 పందెములు గెలిచి 54 ఓడి అగ్రస్థానము నందిరి. రాబిన్సను కొట్టుటలో సంఘమంతటికిని మొదటివాడై, వేయింటికి 349 వంతున సఫలుడయ్యెను. 113 పరుగులు తీసెను. 40 మజిలీలు దొంగిలించెను. పిమ్మట మఱియొక సంఘపు విజేతలగు లూయివిల్లు జట్టుతో తుదిపోరు. లూయివిల్లులో ప్రేక్షకుల దూషణముల నడుమ అతని యాట సాగలేదు. రాయల్సు మూడింట రెండు ఓడిరి. ఆ వార్త విని మాంట్రియల్ ప్రజలు తమ యూరి పందెములలో లూయివిల్లువారిని కేకలతో ఎదుర్కొనిరి. వరుసగా మూడును రాయల్సే గెలిచిరి. అక్టోబరు 4వ తేదీన తుదిపందెము ముగియగానే జనులు రాబిన్సనును భుజములపై మోసిరి. వెడలిపోవుచుండగా వీథులవెంట పరుగెత్తి తఱిమిరి. తెల్లవారి గుంపు నల్లవానిని తఱుముట ఆ ఖండమున క్రొత్త గాదు. ప్రేమతో తఱుముట మాత్రము క్రొత్త. నల్లవాడు తన జట్టున వలదని మొదట వేడుకొన్న మిసిసిపీవాడగు శిక్షకుడు క్లే హాపరు, చివర అతని చేయి పట్టుకొని అభినందించెను.

1947 ఏప్రిల్ 15న రాబిన్సను పెద్ద సంఘమున కాలు మోపెను. అతని వెనుక అనేకులు ప్రవేశించిరి. 1972లో 53 యేండ్లకే అతడు గతించెను. 1997లో పెద్ద సంఘములలో జట్లన్నియు అతని 42వ అంకెను గౌరవముగా నిలిపివేసినవి.

బడిపంతులుగా జీవితము గడపిన నాకు తోచినది విన్నవించెదను. కొట్టినవానిని తిరిగి కొట్టుట ఏ బాలునకును నేర్ప నక్కఱలేదు. శక్తి యుండియు ఓర్చుకొనుట దీర్ఘసాధనచే గాని రాదు. కనుక రాబిన్సను ఓర్పు కొనియాడదగినదే. కాని ఓర్పు పరీక్ష అన్యాయము పొందినవానికే పెట్టిరి, చేసినవారికి పెట్టరైరి. ఇది న్యాయమా? వాకిలి మూసినవారు పెద్దలు. తెఱచుట వారికొక తీర్మానముతో తీఱునది. తట్టినవానికి ఆరోగ్యమంతయు వెచ్చింపవలసినది. మన చేతులలో నున్న గడియలను ఎవరో వచ్చి తట్టువఱకు వేచియుండక, మనమే ముందుగా తీయుదుము గాక.