హెచ్‌ఎంటీ సన్నాల వెనుక ఉన్న రైతు

(దాదాజీ ఖోబ్రగడే వర్ధంతి సందర్భంగా సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెచ్‌ఎంటీ సన్నబియ్యం పేరు వినని ఇల్లు మన దగ్గర లేదు. తెలంగాణ జిల్లాల్లో ఆ వడ్లు మనలో చాలామందిమి వేశాం, అమ్మాం, తిన్నాం. హెచ్‌ఎంటీ అంటే ఏమిటని అడిగితే మాత్రం గడియారం పేరు చెబుతాం. ఆ వడ్లను వెలికితీసిన మనిషి పేరు చెప్పలేం. ఆయన దాదాజీ రామాజీ ఖోబ్రగడే. 2018 జూన్ 3న కన్నుమూశారు. ఈ రోజు ఆయనను తలచుకుందాం.

మన సరిహద్దు అవతల మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ ఆయన ఊరు. అందరికీ తెలిసిన నాందేడ్ పట్టణం కాదు, ఇది చిన్న పల్లె. పేద దళిత కుటుంబం. చదువు మూడో తరగతితో ఆగింది. చిన్నప్పటి నుంచీ రెక్కల కష్టమే. ఇల్లు గడవాలి, పిల్లలు ఎదగాలి, మిగిలిన పొద్దంతా పొలంలోనే.

1983లో పటేల్-3 రకం వేసిన మడిలో కొన్ని వెన్నులు వేరే రంగులో కనిపించాయి. మనకూ అలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. బెరుకులని పీకి గట్టున పడేస్తాం. ఆయన మాత్రం ఆ వెన్నులను విడిగా కోసి దాచారు. మరుసటి ఏడు వేరుగా నాటి, అడవి పందులు తొక్కకుండా ముళ్లకంప కట్టారు. ఏటా మంచి వెన్నులు ఏరి, మళ్లీ విత్తారు. అలా ఏళ్ల తరబడి చేస్తే సన్నని గింజ, మంచి దిగుబడి, రుచిగల అన్నం ఇచ్చే రకం నిలబడింది. 1990 ప్రాంతంలో ఆ వడ్లు మార్కెట్‌కు వెళ్లినప్పుడు వాటికి పేరు లేదు. అప్పట్లో పేరున్న గడియారం పేరే ఒక వ్యాపారి వాటికి పెట్టాడు.

1994లో ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పరిశీలనకని ఆయన దగ్గర విత్తనం తీసుకున్నారు. 1998లో పీకేవీ-హెచ్‌ఎంటీ అనే పేరుతో విడుదల చేశారు. విత్తనాన్ని శుద్ధి చేసింది తామేనని వాదించారు. దాదాజీకి దక్కాల్సిన గుర్తింపు, రాబడి దక్కలేదు. రైతు తన రకాన్ని తన పేరున నమోదు చేసుకునే చట్టం ఆనాటికి దేశంలో లేదు.

ఇంట్లో వైద్యం ఖర్చులకు ఆయన ఉన్న భూమి అమ్ముకోవాల్సి వచ్చింది. విత్తనం మీద అంత ప్రేమ ఉన్న మనిషి భూమిని వదులుకోవడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంటి మనిషి ప్రాణమే ముందు అనుకున్నారు. ఆ తర్వాత అయినవాళ్ల చెక్కలోనే ప్రయోగాలు సాగించారు. డీఆర్‌కే, నాందేడ్ హీరా, విజయ్ నాందేడ్ వంటి మరికొన్ని రకాలు తీశారు. అడిగిన రైతుకల్లా విత్తనం ఇచ్చారు.

సన్మానాలకు కొదవ లేదు. 2005లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా అవార్డు అందుకున్నారు. 2010లో ఫోర్బ్స్ పత్రిక గ్రామీణ ఆవిష్కర్తల జాబితాలో ఆయన పేరు వేసింది. రాష్ట్ర ప్రభుత్వం బంగారు పతకం ఇచ్చింది. అవసరానికి అమ్ముదామని తీసుకెళితే అది మేలిమి బంగారం కాదని తేలింది. రైతుకు చేసే గౌరవం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? చివరి రోజుల్లో పక్షవాతంతో మంచాన పడినప్పుడు ఆ కుటుంబం వైద్యానికి ఇబ్బంది పడింది. దేశమంతా అన్నం తింటున్న విత్తనం, దాన్ని కన్న ఇంటికి కూడు పెట్టలేకపోయింది.

మిత్రులారా, దండ వేసి లేచిపోతే ఇది నివాళి కాదు. ఇప్పుడు చట్టం ఉంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. మనం పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. రైతు తన రకాన్ని నమోదు చేసుకోవచ్చు, అందుకు రైతుకు ఫీజు లేదు. వడ్ల వంటి పంటలకు ఆ హక్కు 15 ఏళ్ల వరకూ ఉంటుంది.

అందుకే మన సభ్యులకు మూడు మాటలు చెబుతున్నాం. పొలంలో తేడాగా కనిపించిన మొక్కను పీకేముందు ఒకసారి చూడండి. విడిగా పెంచితే ఏ ఏడు, ఏ మడిలో, ఎంత పండిందో నోటుపుస్తకంలో రాసుకోండి. విత్తనం ఎవరైనా పరీక్షకని అడిగితే ఇవ్వండి, కానీ ఎవరు, ఎప్పుడు, ఎంత తీసుకున్నారో కాగితం మీద సంతకం తీసుకోండి. నమోదు దరఖాస్తుకు మీ మండల సంఘం తోడుంటుంది.

దాదాజీ కష్టానికి కొరత లేదు. కొరతపడింది ఆ సంతకం, ఆ హక్కు. మన పిల్లల దాకా వచ్చేసరికి ఆ కొరత లేకుండా చూడడమే ఆయనకు మనమిచ్చే నివాళి.