గోధుమ పండని నేలలో గోధుమ మొలక

ముందు వరుసలో కూర్చున్న పిల్లలను ఒక మాట అడుగుతాను. దేవరకొండ చెలకల్లో, అచ్చంపేట గుట్టల కింద మన వాళ్లు జొన్న వేశారు, ఆముదం వేశారు, కంది వేశారు. ఇప్పుడు ఎటు చూసినా పత్తే. గోధుమ వేసిన వాళ్లను చూశారా? చూసి ఉండరు. మరి శ్రావణంలో తీజ్ బుట్టల్లో మన ఆడపిల్లలు చల్లేది గోధుమలే ఎందుకు? అంగడిలో కొని మరీ చల్లుతున్నామే!

మన పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కనుకు వచ్చారు. మొగలుల సైన్యాలకు తిండి గింజలు చేరవేసింది ఈ బిడారులే. రైలు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. పైగా 1871 నాటి చట్టం ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసింది. అప్పుడు ఎడ్లకు నాగలి కట్టారు. దొరికింది ఊరి బయటి రాళ్ల చెలక. అదీ ఊరికే నిలవలేదు. జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. అక్కడి ధర్మాపురం తండా వాళ్లు జాటోతు ఠాను నాయక్ ముందుండగా విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం తలపడ్డారు.

నేల మారింది, పంట మారింది. బుట్టలోని గింజ మాత్రం మారలేదు. పాత దేశపు జ్ఞాపకం ఆ గింజలో మిగిలిందని నా నమ్మకం.

పుట్టమన్నులో ఎరువు కలిపి, బుట్టల్లో నింపి, నాయక్ ఇంటి ముందు మంచె మీద పెడతారు. పెళ్లికాని పిల్లలు తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. చివరి రోజు అన్నదమ్ముల తలపాగాల్లో మొలకలు పెట్టి, మిగతావి చెరువులో కలుపుతారు. కన్నీళ్లు పెట్టుకోని పిల్ల ఉండదు ఆ రోజు.

ఇది మన ఒక్కరిదే అనుకోకండి. ఇరాన్‌లో నౌరోజ్ కొత్త సంవత్సరానికి పళ్లెంలో గోధుమ మొలకెత్తించి, పదమూడో రోజున పారే నీళ్లలో వదులుతారు. ఇటలీలోని సార్డీనియా దీవిలో చీకటి గదిలో గోధుమ పెంచుతారు. వెలుతురు తగలక అది పసుపుపచ్చగా వస్తుంది. ఈస్టర్ ముందటి గురువారం దాన్ని చర్చిలో ఉంచుతారు. పాత గ్రీకు దేశపు ఆడవాళ్లు కూడా కుండపెంకుల్లో ఇలాగే మొలకలు పెంచి, నీళ్లలో వదిలేవారు. మనకూ వాళ్లకూ చుట్టరికం ఉందని నేను చెప్పను. సేద్యం మీద బతికే వాళ్లకు గింజ మొలుస్తుందా లేదా అన్న దిగులు ఎక్కడైనా ఒకటే.

ఇక్కడ నాకు భయం వేసేది పాటల గురించి. గోర్ బోలికి సొంత లిపి లేదు. తీజ్ పాటలు ఉన్నది మన యాడీల నోళ్లలోనే. పిల్లలు హాస్టళ్లలో తెలుగు, ఇంగ్లిషు చదువుతున్నారు, మంచిదే. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో కూలి చేస్తున్నారు. పండుగకు తండాకు వస్తే డీజే మోగుతోంది. డీజే మీద నాకు కోపం లేదు గానీ, అది మోగుతుంటే ముసలావిడ గొంతు వినపడదు కదా!

ఈసారి తీజ్‌కు ఒక గంట డీజే ఆపండి. చేతిలో ఫోన్ ఉంది, రికార్డు చేయండి. తర్వాత ఆవిడ పక్కన కూర్చుని తెలుగు అక్షరాల్లో రాసుకోండి. మాట అర్థం కాకపోతే అడగండి, విసుక్కోదు. ఏ పాట నీళ్లు తెచ్చేటప్పటిది, ఏది సాగనంపేటప్పటిది, రోజుతో సహా రాయండి. పాడిన ఆవిడ పేరు, తండా పేరు పైనే రాయండి.