లైబ్రరీ కంప్యూటరు: హక్కూ మనదే, కాపలా మనదే

(మార్కాపురం ప్రాంత విద్యార్థి, యువజనుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం చూడటానికి చిన్నది. లైబ్రరీలో నలుగురూ వాడుకునే ఇంటర్నెట్ కంప్యూటరును ఎట్లా వాడాలి అనేది. "ఇందులో ఉద్యమం ఏముంది సార్, మీటలు నొక్కడమేగా!" అని కుర్రాళ్ళు అడగొచ్చు. ఉంది. చాలా ఉంది.

మన తాతల కాలంలో అర్జీ పెట్టుకోవాలంటే కరణం ఇంటి అరుగు కింద నిలబడాలి. రాసే చెయ్యి వాడిది, వేలిముద్ర మనది. ఏం రాశాడో మనకు తెలియదు. ఇప్పుడు అరుగు పోయింది, కంప్యూటరు వచ్చింది. నెట్ సెంటర్‌లో టైపు కొట్టే చెయ్యి ఇంకొకరిది, వేలిముద్ర మాత్రం ఇప్పటికీ మనదే. మన పిల్లలు డిగ్రీలు చదివి కూడా తమ ఫారం తాము నింపుకోలేక ఇంకొకరి పక్కన నిలబడితే, చదువు మనకు ఇచ్చిందేంది?

స్కాలర్‌షిప్ కావాలంటే జ్ఞానభూమి పోర్టల్. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ అన్నీ కంప్యూటరు గుండానే. 2025లో మెగా డీఎస్సీ వేశారు. 16,347 టీచరు పోస్టులు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, పరీక్ష కూడా కంప్యూటరు ముందు కూర్చునే. అంటే మౌస్ పట్టుకోవడం అలవాటు లేనివాడు, చదువు వచ్చి కూడా వెనకబడతాడు. చేతిలో ఫోన్ ఉందిగా అంటారు. ఫోన్‌లో పాటలు వినొచ్చు, నాలుగు పేజీల ఫారం నింపి, ఫోటో సైజు తగ్గించి ఎక్కించడం ఎంత తిప్పలో చేసినవాళ్ళకే తెలుసు. ఆ ఫోన్ అయినా ఎవరి చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు నూటికి 49 మంది. ఆడవాళ్ళు 21 మందే. ఇది అన్ని కులాల లెక్క. మన వాడల్లో ఆడపిల్ల సంగతి మీరే ఊహించుకోండి.

1970లో మన మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు జిల్లా నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపారు. కర్నూలైనా దూరమే, ఒంగోలైనా దూరమే. ఇట్లాంటి మెట్ట ప్రాంతానికి దగ్గరలో ఒక కంప్యూటరు ఉండటం అంటే రెండు రోజుల కూలి మిగలడం, బస్సు చార్జీ మిగలడం.

మరి ఆ కంప్యూటరు ఎవరిది? లైబ్రరీ ఎవరిది? ఎవరో దాత దయతో పెట్టింది కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. పన్ను కట్టే ప్రతి ఇంటిదీ అందులో వాటా ఉంది. మాదిగవాడలో రేకుల ఇల్లు కూడా దానికి పైసలు కట్టింది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చదవండి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, ప్రజలు వచ్చిపోయే చోట్లు కులం పేరుతో ఎవరికీ కాదనడానికి వీల్లేదు. ఆ వాక్యం వెనక 1927 మార్చి 20న మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి పట్టి తాగిన నీళ్ళున్నాయి. ఆ బాబాసాహెబ్ కొలంబియాలో, లండన్‌లో గ్రంథాలయాల్లో కూర్చుని చదివి మనిషైనవాడు. బొంబాయిలో తన పుస్తకాల కోసమే రాజగృహ కట్టుకున్నాడు. లైబ్రరీలో కుర్చీ మనకు ఆయన ఇచ్చిపోయిన ఆస్తి. దర్జాగా కూర్చోండి. చేతులు కట్టుకుని నిలబడొద్దు.

ఇక బాధ్యత మాటకొద్దాం. ఈ మాట మనకు కొత్త కాదు. "మీరు వస్తే పాడు చేస్తారు, మురికి చేస్తారు" అని గుడి కాడ, బావి కాడ, హోటల్లో మనల్ని ఆపినవాళ్ళంతా బాధ్యత పేరు చెప్పే ఆపారు. అందుకని బాధ్యత అనగానే మన కుర్రాళ్ళకు ఒళ్ళు మండుతుంది. మండటం న్యాయమే. కానీ ఒక్కమాట గుర్తుచేస్తా. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని ఎందుకు నరికారు? అప్పుడది మన ప్రకాశం జిల్లాయే. తాగే నీళ్ళ చెరువును మురికి చెయ్యొద్దని అడిగినందుకు. ఉమ్మడి నీటిని పాడు చెయ్యొద్దని అడిగిన జాతి మనది. ఆ మాట కోసం ఆరుగురు ప్రాణాలిచ్చారు. కాబట్టి ఉమ్మడి వస్తువును చూసుకోవడం ఒకరి కాడ నేర్చుకోవాల్సిన గతి మనకు లేదు. లైబ్రరీ కంప్యూటరు కూడా ఊరుమ్మడి చెరువే. తాగే హక్కు అందరిదీ. మురికి చేసే హక్కు ఎవరికీ లేదు, మనకూ లేదు.

ఎట్లా మురికి అవుతుందో, మన బతుకు అందులో ఎట్లా చిక్కుకుంటుందో విడమరచి చెబుతా.

మార్కాపురం పలకల ఊరు. ఈ మట్టిలోంచి తీసిన రాయిని కోసి, నునుపు చేసి, చట్రం బిగించి దేశమంతా పంపారు. ఆ దుమ్ము పీల్చిన కూలీల్లో మనవాళ్ళున్నారు. బళ్ళో పలక మీద రాసింది తుడిచేసే పక్కవాడికి ఇస్తాం. కంప్యూటరు కూడా పలకే. తేడా ఒక్కటే. ఇది మనం రాసింది తనంతట తాను దాచిపెట్టుకుంటుంది. తుడవకుండా లేచిపోతే తర్వాత కూర్చున్నవాడు మన రాత మొత్తం చదవగలడు, మన పేరుతో ఇంకోటి రాయగలడు.

మొదటిది, లాగౌట్. పైనున్న గుర్తు నొక్కి కిటికీ మూసేస్తే పని అయిపోలేదు. మీ మెయిల్, మీ పోర్టల్ లోపల తెరిచే ఉంటాయి. లాగౌట్ నొక్కి, మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోందా లేదా చూసుకుని లేవండి. పాస్‌వర్డ్ దాచమంటావా అని కంప్యూటరు అడిగితే వద్దనే చెప్పండి. వాట్సాప్ వెబ్ తెరిచినవాళ్ళు ఇంటికి పోయాక అనుమానమొస్తే ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ చూసి అక్కడినుంచే తీసెయ్యొచ్చు.

రెండోది, డౌన్‌లోడ్లు. ప్రైవేట్ విండో అని ఒకటుంటుంది. అందులో పని చేసుకుంటే మీరు చూసిన పేజీల జాబితా, లాగిన్లు ఆ కంప్యూటరులో మిగలవు. మంచిదే. కానీ మీరు దింపుకున్న ఫైళ్ళను అది తుడవదు. నెట్‌వర్క్ నడిపేవాళ్ళ కంటికి మిమ్మల్ని దాచనూ దాచదు. మీ మార్కుల లిస్టు, కులం సర్టిఫికెట్, ఆధార్ అన్నీ డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటాయి. చెరిపెయ్యండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి.

ఆధార్ సంగతి విడిగా చెప్పాలి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు తాళముంది గదా అని ధీమా. ఆ తాళం ఏంది? మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. అంతే. మీ హాల్‌టికెట్ చూసినవాడికి ఈ రెండూ తెలుసు. తాళంచెవి తలుపుకే వేలాడుతోందన్నమాట. కంప్యూటరులోనే కాదు, ప్రింటరు మీద మర్చిపోయిన కాగితం కూడా అంతే. చివరి నాలుగంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ చాలే చోట అదే ఇవ్వండి.

మూడోది, ఫోన్ నంబరు. ఇది మనవాళ్ళకు జరిగే అతిపెద్ద నష్టం. ఇంట్లో ఫోన్ లేదనో, మెయిల్ లేదనో ఫారంలో ఇంకొకరి నంబరు, ఇంకొకరి మెయిల్ రాయిస్తారు. ఇక ఓటీపీ వాళ్ళకే పోతుంది, పాస్‌వర్డ్ మారిస్తే ఆ కబురూ వాళ్ళకే పోతుంది. తప్పు సరిదిద్దడానికి గడువు నాలుగు రోజులుంటే, ఆ నాలుగు రోజులూ వాళ్ళ చుట్టూ తిరగాలి. మళ్ళీ కరణం అరుగే! మీది కాకపోతే మీ అమ్మదో, అన్నదో, ఇంట్లోవాళ్ళ నంబరే రాయండి. సొంత మెయిల్ తెరుచుకోండి. దాని పాస్‌వర్డ్ ఇంట్లో పుస్తకంలో రాసుకోండి, లైబ్రరీ బల్ల మీద కాదు.

నాలుగోది, డబ్బు. అందరూ వాడే కంప్యూటరులో బ్యాంకు పనులు చెయ్యొద్దు. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా రాసిపెట్టుకునే ప్రోగ్రాములుంటాయి. ప్రైవేట్ విండో వాటిని ఆపలేదు. పెన్‌డ్రైవ్ పెడితే వైరస్ అటూ పోతుంది, ఇటూ వస్తుంది. ఒకవేళ మోసం జరిగి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు అంతగా ఆగే వీలుంటుంది.

ఇవి మనల్ని మనం కాపాడుకోవడానికి. ఇక తోటివాళ్ళ సంగతి. పక్కవాళ్ళ తెర మీదికి తొంగిచూడొద్దు. ఎవరైనా లాగౌట్ మర్చిపోయి పోతే మీరే చేసి పక్కన పెట్టండి. వాళ్ళ పేరుతో తమాషాకు ఒక మెసేజి కొట్టినా అది తమాషా కాదు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపు బుద్ధితో వాడితే ఐటీ చట్టం 66-సి కింద మూడేళ్ళ దాకా జైలు. బూతుబొమ్మలు పంచితే 67 కింద కేసు. మన పిల్లోడికి కేసైతే పెద్దింటి పిల్లోడిలా సాయంత్రానికి ఇంటికి రాడు. జాగ్రత్త అందుకే ఎక్కువుండాలి. అట్లాగే మనల్ని కులం పేరుతో తిడుతూ, బాబాసాహెబ్‌ను అవమానిస్తూ ఎవడన్నా రాస్తే వాడికి తిట్టుకు తిట్టు రాయొద్దు. తెర ఫోటో తీసి, తేదీ, టైము రాసుకుని అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు పెట్టండి. రాతతో చేసిన అవమానానికీ ఆ చట్టంలో చోటుంది.

వరుస పాటించండి. సినిమా చూసేవాడు లేచి, దరఖాస్తు గడువు ఉన్నవాడికి కుర్చీ ఇవ్వాలి. ఇద్దరు మగపిల్లలు చుట్టూ నిలబడితే ఆడపిల్ల ఆ గదిలోకి రాదు. ఆమెను ఎవరూ తరమక్కర్లేదు, మన గుంపే తరుముతుంది. మహద్‌లో మనల్ని ఆపినవాడి పని ఇక్కడ మనం చెయ్యొద్దు. నూటికి 21 అన్న లెక్క మారాలంటే ఆ కుర్చీ కొన్ని గంటలు ఆమెకు విడిచిపెట్టాలి.

మరి బాధ్యత మనదొక్కటేనా? గ్రంథాలయం నడిపేవాళ్ళకు లేదా? కంప్యూటరుకు గుడ్డ కప్పి, గదికి తాళమేసి "చెడిపోతుందని పెట్టాం" అంటే అది బాధ్యత కాదు, పెత్తనం. నెట్ సెంటర్లకు 2011లోనే రూల్సు పెట్టారు. గుర్తింపు చూడాలి, వచ్చిన టైము, పోయిన టైము రిజిస్టరులో రాయాలి, దాన్ని ఏడాది ఉంచాలి. లైబ్రరీలోనూ రిజిస్టరు పెడితే సంతకం పెడదాం, మనకేం భయం లేదు. కానీ ఆ రిజిస్టరు అందరికీ ఒకటే ఉండాలి. వాడ పేరు చూసి ఒకరిని ఐదు ప్రశ్నలు, ఇంకొకరిని ఒక్క ప్రశ్న అడిగితే ఊరుకోం. ఒకరు లేవగానే వాళ్ళ ఆనవాళ్ళు తానే తుడిచేసేలా కంప్యూటరును అమర్చవచ్చు. అది చెయ్యమని అడుగుదాం. తెలుగు కీబోర్డు అడుగుదాం. 2019లో కేరళ హైకోర్టు ఒక హాస్టల్ విద్యార్థిని కేసులో ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. మనం అడిగేది దయ కాదు.

చివరిగా పని చెబుతా. మీలో ప్రతి వాడ నుంచి ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఈ జాగ్రత్తలన్నీ నేర్చుకుని ఇంకో పదిమందికి నేర్పాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం ఎక్కడివాళ్ళు అక్కడి లైబ్రరీకి పోండి. కంప్యూటరు ఉంటే రోజూ వాడండి, వాడకపోతే మూలన పెడతారు. లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థకు కాగితం పెట్టండి. మా ఊరి నుంచి ఎంత గ్రంథాలయ పన్ను వచ్చింది, మా లైబ్రరీకి ఎంత ఖర్చు పెట్టారు, కంప్యూటర్లు ఎన్ని, పనిచేసేవి ఎన్ని? నాలుగు ప్రశ్నలు చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జత చేస్తే ఫీజు కూడా అక్కర్లేదు.

ఫారాలు నింపడంతో ఆగొద్దు. బాబాసాహెబ్ ఇంగ్లీషు రచనల సంపుటాలు ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. ఒకప్పుడు ఒక సంపుటం కోసం హైదరాబాదు పోయేవాళ్ళం. ఇప్పుడు లైబ్రరీ దాకా నడిస్తే చాలు. వెళ్ళండి, కూర్చోండి, చదవండి. లేచేటప్పుడు తుడిచి లేవండి, మీ తర్వాత వచ్చేది మన చెల్లెలే కావచ్చు.

జై భీమ్!