కణితి ఏం చూపుతోందో అడగండి

 

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, రేపు మీ దగ్గరికి వచ్చే క్యాన్సర్ రోగి అడుగుతాడు: "ఒంట్లో రోగనిరోధక శక్తి ఉండగా ఈ గడ్డ ఎలా పెరిగింది డాక్టరుగారూ?" ఆ ప్రశ్న గొప్పది. జవాబు మీ దగ్గర ఉండాలి.

ఇంట్లో ఏం వండుతున్నారో వీధిలో వెళ్లేవాళ్లకు వాసన చెప్పేసినట్టు, కణం తన లోపలి ప్రొటీన్ల ఆనవాళ్లను బయటికి చూపుతూనే ఉంటుంది. కణంలోని ప్రోటియాసోమ్ ప్రొటీన్లను ముక్కలు చేస్తుంది. ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలున్న ముక్క, దాన్ని కణం పైకి మోసుకొచ్చే హెచ్‌ఎల్‌ఏ అణువు గాడిలో కూర్చుని పైకి వస్తుంది. ఉత్పరివర్తనంతో పుట్టిన కొత్త ముక్కను రోగనిరోధక వ్యవస్థలోని టీ కణం గుర్తుపడితే, ఆ ముక్కను చూపిన కణాన్ని చంపేస్తుంది. పరాయి ముక్కను హెచ్‌ఎల్‌ఏ లాంటి సొంత అణువుతో కలిపి చూస్తేనే టీ కణం గుర్తిస్తుందని 1974లో కాన్‌బెర్రాలో డొహర్టీ, జింకర్‌నాగెల్ తేల్చారు. వాళ్లు పరిశీలించింది క్యాన్సర్‌ను కాదు, ఎలుకలకు సోకిన వైరస్‌ను. 1996లో వారికి నోబెల్ వచ్చింది. మనిషి కణితిలో టీ కణాలు గుర్తించే యాంటిజెన్‌ జన్యువును 1991లో బ్రస్సెల్స్‌లో థియరీ బూన్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో పట్టుకుంది.

కణితి ఆ ముక్కను చూపడం మానేస్తే? 2016లో లాస్‌ఏంజెలెస్ పరిశోధకులు నలుగురు మెలనోమా రోగులను పరిశీలించారు. టీ కణాలకు పడిన బ్రేకు తీసేసే పెంబ్రోలిజుమాబ్‌తో వాళ్ల గడ్డలు మొదట తగ్గాయి, తర్వాత తిరగబెట్టాయి. చికిత్సకు ముందు గడ్డ నుంచి తీసిన బయాప్సీని, తిరగబెట్టాక తీసిన బయాప్సీని పక్కపక్కన పెట్టి జన్యువులు చదివారు. ఒకరిలో బీటా-2 మైక్రోగ్లోబులిన్ జన్యువు దెబ్బతింది. ఆ ప్రొటీన్ లేనిదే క్లాస్-1 హెచ్‌ఎల్‌ఏ కణం పైకి రాదు. టీ కణాలు ఉన్నాయి, మందూ ఉంది. చూడటానికే ఏమీ మిగల్లేదు. మరో ఇద్దరిలో కారణం వేరు: టీ కణాలు పంపే ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని కణితి కణంలోకి చేరవేసే జాక్ జన్యువులు పాడయ్యాయి. రోగం ఒకటే, మందు ఒకటే, ఓటమికి కారణాలు మాత్రం వేర్వేరు.

అందుకే మీకు నా విన్నపం ఒక్కటే. "మందు పనిచేయలేదు" అని రాసి కేస్‌షీటు మూసేయకండి. ఎందుకు పనిచేయలేదో అడగండి. రోగి ఒప్పుకుంటే, ప్రమాదం లేకపోతే, తిరగబెట్టిన గడ్డ నుంచి మళ్లీ బయాప్సీ తీయించండి. పాథాలజిస్టు పక్కన కూర్చుని స్లైడు చూడండి. తర్వాత వచ్చే రోగికి సరైన మందు దొరికేది ఆ ప్రశ్న నుంచే. అడగడం మానకండి.