పేరు వెదకునప్పుడు గుర్తులు తెచ్చు చిక్కులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములో జరిగిన ప్రతి జననమును, ప్రతి మరణమును నమోదు చేయవలెనని 1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము విధించినది. ఆ చట్టమును 2023లో సవరించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ మొదలుకొని పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, ఓటరుగా నమోదగుటకును జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారము. ఒకనాడు ఈ నమోదు పుస్తకములలో జరిగెడిది. నేడు కంప్యూటరులో జరుగుచున్నది. కావున వ్రాసిన పేరు మరల అడిగినప్పుడు దొరకుట యెంత ముఖ్యమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్యాలయమున మేము కూర్చుండి యుండగా ఒక వృద్ధురాలు వచ్చి, భర్త మరణ ధ్రువపత్రము కావలెనని అడిగినది. పింఛను దరఖాస్తునకు అది జతపరచవలసి యున్నది. గుమాస్తా కంప్యూటరులో పేరు కొట్టి చూచి, "అట్టి పేరు లేదమ్మా" అనెను. "ఇది మూడవ మారు బాబూ! వ్రాయించినది నేనే కదా, లేకుండ నెట్లు పోవును?" అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. పేరు విడిచిపెట్టి, ఊరును సంవత్సరమును మాత్రమే ఇచ్చి జాబితా తీయుమని మేము కోరితిమి. జాబితాలో ఆ పేరు స్పష్టముగా నున్నది! చూచినవారి కంటికి తేడా ఏమియు కనబడలేదు. మరి యంత్రమేల లేదన్నది? ఆ సంగతియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

యంత్రము అక్షరమును మనవలె రూపమును బట్టి గుర్తింపదు. దానికి ప్రతి అక్షరమును ఒక సంఖ్య. ప్రపంచ భాషల అక్షరములన్నిటికి సంఖ్యలు కేటాయించిన ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. మన లిపికి 128 గడులు ఏర్పరచిరి. అందులో "అం"లోని సున్నకు ఒక గడి, తెలుగు అంకెలలోని సున్నకు వేరొక గడి కలవు. రెండును గుండ్రముగానే యుండును. "రంగయ్య" అని ఒకరు సరిగా కొట్టుదురు; "ర౦గయ్య" అని వేరొకరు అంకెల సున్నతో కొట్టుదురు. మనకు రెండును ఒకే పేరు; యంత్రమునకు రెండు వేరు మాటలు. ఆ వృద్ధురాలిని మూడుమార్లు త్రిప్పినది ఈ చిన్న సున్నయే.

ఇట్టిదే మరియొకటి. "సైదులు" అను పేరులోని ఐత్వమును ఒకే గుర్తుగా వ్రాయవచ్చును. ఎత్వము పెట్టి, దాని క్రింది భాగమును వేరుగా చేర్చియు వ్రాయవచ్చును. ఈ రెండును సమానమేయని యూనికోడ్ వారే నిర్ణయించి, వానిని ఏకరూపమునకు తెచ్చు పద్ధతిని కూడ ఏర్పరచిరి. కాని సున్నల విషయమున ఆ పద్ధతి సాయపడదు. అవి నిజముగా వేరు వేరు అక్షరములు గదా! తెలుగు అక్షరమునకు అంటుకొని వచ్చిన అంకెల సున్నను అక్షరపు సున్నగా గ్రహింపవలెనని మనమే ప్రత్యేకముగా నియమము వ్రాయించుకొనవలెను.

కంటికే కనబడని గుర్తులును కలవు. "రాజ్‌కుమార్" అని పొల్లు విడిగా కనబడుటకు నడుమ ఒక అదృశ్యమైన గుర్తును పెట్టుదురు. అది లేనిచో "రాజ్కుమార్" అని వత్తుగా మారును. ఒకరు ఆ గుర్తుతో నమోదు చేసి, మరియొకరు అది లేకుండ వెదకినచో పేరు దొరకదు. పేరునకు చివర పొరపాటున పడిన ఖాళీ, "రామారావు", "రామా రావు" అను భేదము, ఇంటిపేరు పొడి అక్షరముల తరువాతి చుక్కలు కూడ ఇట్టి చిక్కులే.

దీనికి ఉపాయమేమి? మనిషి చెప్పిన పేరును చెప్పినట్లే ఒక గడిలో భద్రపరుపవలెను, దానిని తాకరాదు. దాని ప్రక్కన వెదకుటకు మాత్రమే మరియొక గడి యుండవలెను. అందులో పేరును జల్లెడ పట్టి ఉంచవలెను: సున్నలు ఏకము చేసి, అదృశ్యమైన గుర్తులు తీసి, ఖాళీలు, చుక్కలు తొలగించి. వెదకువారు కొట్టిన పేరును కూడ అదే జల్లెడ పట్టి, పిమ్మట పోల్చవలెను. ఒక వైపు మాత్రమే జల్లించినచో చిక్కు రెట్టింపగును. జల్లెడ మరీ వెడల్పుగానుండుట కూడ మంచిది కాదు. ల, ళ భేదములు సైతము చెరిపివేసినచో వేరు వేరు మనుష్యులు ఒకరుగా కనబడుదురు. అప్పుడు తండ్రి పేరును, ఊరును చూచి నిశ్చయించు పని గుమాస్తాది.

ఇక రెండవ తెగ గుర్తులు. ఇవి యంత్రమునకు ఆజ్ఞలు. చాల డేటాబేసులలో, పోలిక చూచి వెదకు పద్ధతియందు % అను శాతపు గుర్తునకు "ఇచ్చట ఎన్ని అక్షరములైన ఉండవచ్చును" అనియు, _ అను క్రింది గీతకు "ఏదేని ఒక అక్షరము" అనియు అర్థము. వెదకు గడిలో ఎవరైన ఒక్క % కొట్టినచో, జాగ్రత్త లేని యంత్రము ఊరి జాబితానంతయు బయట పెట్టును. పింఛనుదారుల వివరములు, ఫోను నెంబర్లు అందరి కంటను పడుట మనకు సమ్మతమా? కావున అట్టి గుర్తునకు ముందు ఒక తప్పింపు గుర్తు చేర్చి, "దీని తరువాతిది ఆజ్ఞ కాదు, వట్టి అక్షరము" అని యంత్రమునకు తెలుపవలెను. ముందుగా తప్పింపు గుర్తునకే తప్పింపు చేసి, పిమ్మట మిగిలినవానికి చేయవలెను. క్రమము తప్పినచో అర్థము చెడును.

మాటలవారీగా వెదకు పద్ధతిలో మరి కొన్ని గుర్తులకు ఆజ్ఞార్థము కలదు. ఒక మాటకు ముందున్న చిన్న గీత, ఆ మాట ఉన్నవానిని విడిచిపెట్టుమని కొన్ని డేటాబేసులలో ఆజ్ఞ. మన ఇంటి నెంబర్లలోనో 3-45 అని గీత ఉండనే యుండును. సర్వే నెంబర్లలో 145/2 అని ఏటవాలు గీత యుండును. యంత్రము వానిని ముక్కలు చేయును; మూడు అక్షరములకు తక్కువైన ముక్కలను కొన్ని యంత్రములు లెక్కలోనికే తీసికొనవు. కావున ఇంటి నెంబరును, సర్వే నెంబరును ఈ పద్ధతికి అప్పగింపక, వేరు గడులలో నుంచి యథాతథముగా పోల్చుట క్షేమము.

అన్నిటికన్న ప్రమాదకరమైనది ' అను ఒంటి కొమ్ము గుర్తు. డేటాబేసునకిచ్చు ఆజ్ఞలో పేరు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో ఈ గుర్తే తెలుపును. పేరులోనే అది వచ్చినచో, పేరు ముగిసినదని యంత్రము భ్రమించి, తరువాతి భాగమును ఆజ్ఞగా చదువును. ఈ లోపము నాధారముగా చేసికొని దుర్మార్గులు రికార్డులను దొంగిలింపగలరు, చెరిపివేయనుగలరు. 1998లోనే ఈ సంగతి బహిరంగముగా వ్రాయబడినది. అయినను నేటికిని ఈ లోపము అచ్చటచ్చట కనబడుచునే యున్నది.

దీనికి విరుగుడు మీ తీర్మానముల పుస్తకములోనే యున్నది. తీర్మానము ముందే వ్రాసి, లబ్ధిదారుని పేరునకు ఖాళీ విడిచితిరనుకొనుడు. ఆ ఖాళీలో ఎవరైన "వెనుకటి తీర్మానములన్నియు రద్దు" అని వ్రాసినచో మీరు రద్దు చేయుదురా? అది పేరు గడిలోని మాటగానే చూతురు. అట్లే ఆజ్ఞను ముందు వేరుగా పంపి, పేరును ఖాళీలో నింపు విలువగా తరువాత పంపు పద్ధతి ప్రోగ్రాము వ్రాయువారికి సుపరిచితము. అదియే అనుసరణీయము. అంతియే కాని, గుర్తు ఉన్న పేరును చేర్చుకొనమని త్రోసివేయరాదు. "డి'సౌజా" అను ఇంటిపేరు గలవారు కూడ మన పౌరులే. వారి పేరు వారి సొత్తు.

పంచాయతీకి ఎవరైన కొత్త ప్రోగ్రాము చేసి తెచ్చినప్పుడు, సొమ్ము చెల్లింపకమునుపు నమూనా ప్రతిపై ఈ పరీక్షలు చేయింపుడు. రెండు రకముల సున్నలతో ఒకే పేరు వెదకుడు. ఒకే ఫలితము రావలెను. % మాత్రమే కొట్టుడు, జాబితా రారాదు. కొమ్ము గుర్తున్న పేరు నమోదు చేసి వెదకుడు; తప్పు సందేశము రాక, పేరు దొరకవలెను. గీత గల ఇంటి నెంబరు వెదకుడు. ఆ ఇల్లు ఒక్కటే రావలెను. నడుచుచున్న ప్రభుత్వ వెబ్‌సైటులపై మాత్రము ఇట్టి ప్రయోగములు చేయరాదు. అనుమతి లేని చొరబాటు 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరము కాగలదు.

చివరగా ఒక మనవి. యంత్రము "లేదు" అన్నంత మాత్రమున "నమోదు కాలేదు" అని వ్రాసి ఇచ్చుట న్యాయము కాదు. ఊరును, సంవత్సరమును బట్టి జాబితా తీయించి, అవసరమైనచో పాత పుస్తకము తెరిపించి, కంటితో చూచిన పిమ్మటనే ఆ మాట చెప్పవలెను. ఈ నియమమును మీ వచ్చే సమావేశములోనే తీర్మానింపవచ్చును. దీనికి పైకము అక్కరలేదు. ఆ వృద్ధురాలు ఆనాటి సాయంకాలమే ధ్రువపత్రము చేతబట్టుకొని ఇంటికి వెళ్లినది. మొదటిమారు వచ్చిననాడే ఆమెకు అది దక్కవలసినదని మా మనసునకు నేటికిని తోచుచుండును. మీ ఊరిలో ఎవరికిని రెండవమారు తిరుగవలసిన పని లేకుండ చూతురని నమ్ముచు, సెలవు తీసికొనుచున్నాము.