తొమ్మిది రోజుల తేడా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఒత్తిడి, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు సంఘం వారు. డాక్టర్ని కదా, రోజూ నడవండి, ధ్యానం చేయండి అని చెప్పి దిగిపోవచ్చు. కానీ ఈ హాలు చూశాక అలా చెప్పబుద్ధి కాలేదు. మనలో చాలామందిమి అరవై దాటినవాళ్లం. ఇంట్లో తొంభై ఏళ్ల అమ్మో, నాన్నో, మంచాన పడిన భార్యో, భర్తో ఉన్నవాళ్లం. ఇందాక టిఫిన్ల దగ్గర "ఎలా ఉన్నావురా" అని అడిగితే అందరూ "బాగానే ఉన్నా" అన్నారు. ఆ మాట గురించే నేను మాట్లాడతాను.

మన సైన్సు గదిలో స్ప్రింగు ప్రయోగం గుర్తుందా? తూకపు రాయి తగిలిస్తే సాగేది, తీసేస్తే మళ్లీ మామూలైపోయేది. ఒక శనివారం మేం పెద్ద రాయి తగిలించి మరిచిపోయి ఇళ్లకు వెళ్లిపోయాం. సోమవారం రాయి తీసినా స్ప్రింగు దగ్గరకు రాలేదు. మాస్టారు కొట్టలేదు. "దేనికైనా ఒక హద్దుంటుందిరా" అని మాత్రం అన్నారు.

ఒంటి సంగతీ అంతే. కుక్క వెంటపడితే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి గ్లూకోజు పంపుతుంది. కుక్క వెళ్లిపోయాక కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. మనల్ని కాపాడే ఏర్పాటే ఇది. చిక్కల్లా ఆ కుక్క ఏళ్ల తరబడి వాకిట్లోనే కూర్చున్నప్పుడు.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలను చలికి, గాయాలకు, అతి శ్రమకు గురిచేసి చూశాడు. బాధ ఏదైనా ఫలితం ఒకటే. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి అవసరమైన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి.

మనుషుల సంగతి 1995లో అమెరికాలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం చూసింది. మతిమరుపు జబ్బున్న బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలు, ఆ భారం లేని 13 మంది స్త్రీలు. అందరికీ ఒకే కొలతలో చిన్న గాయం చేశారు. సేవ చేస్తున్నవాళ్లకు అది మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది.

ఇది నేను ఎప్పుడో చదివాను. చదివి ఏం లాభం?

మా అమ్మ డిమెన్షియాతో ఆరేళ్లు మా ఇంట్లోనే ఉంది. "డాక్టరుగారు తల్లిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నారు" అనేవారు ఊళ్లో. చూసుకున్నది నా భార్య. అర్ధరాత్రి అమ్మ లేచి "తలుపు తియ్యి, మా ఊరు పోతాను" అంటే లేచేది ఆవిడ. పొద్దున్నే ఓపీ ఉంటుందని నన్ను వేరే గదిలో పడుకోమన్నదీ ఆవిడే. నాలుగో ఏడు ఆవిడకు బీపీ వచ్చింది. వయసన్నాను, మాత్ర రాశాను. నిద్ర పట్టడం లేదంటే ఇంకో మాత్ర. ఆవిడ నవ్వడం మానేసింది. అది నా కంట పడలేదు.

ఒకరోజు గంజి వారుస్తుంటే చెయ్యి కాలింది. నెలన్నరైనా మానలేదు. షుగరేమోనని పరీక్ష చేయించాను, లేదు. కట్టు మారుస్తుంటే అంది, "అత్తయ్య ఎలా ఉందని రోజూ అడుగుతారు. నేనెలా ఉన్నానని ఎప్పుడైనా అడిగారా?"

ఆ పుండు మానకపోవడానికి ఒత్తిడే కారణమని నేను రుజువు చేయలేను. కానీ ఆవిడ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత వారానికి మూడు రాత్రులు అమ్మ దగ్గర నేను పడుకున్నాను. పగటికి ఆయాను పెట్టాం. మా చెల్లెలు రెండు నెలలకోసారి వచ్చి వారం ఉండేది, ఆ వారం మా ఆవిడ పుట్టింటికి వెళ్లేది. కొన్ని నెలలకు నిద్ర పట్టింది, నవ్వు తిరిగొచ్చింది. బీపీ మాత్ర మాత్రం ఇప్పటికీ వేసుకుంటోంది. స్ప్రింగు పూర్తిగా దగ్గరకు రాదు.

మిత్రులారా, ఒత్తిడికి లొంగడం మనోబలం లేకపోవడం కాదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఊరికే చిరాకు, కన్నీళ్లు వస్తున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుతో చెప్పండి. వేసుకునే మాత్రలు సొంతంగా మానకండి. మనసు బాగోకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన సంఘానికి ఒక మనవి. ఊళ్లో మన బ్యాచ్ వాళ్లెవరైనా ఇంట్లో రోగిని చూసుకుంటుంటే, నెలకోసారి వెళ్లండి. పళ్లు తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు. రెండు గంటలు మీరు మంచం దగ్గర కూర్చుని, ఆ మనిషిని బయటికి పంపండి. రోగి ఎలా ఉన్నారని అడిగాక, "మరి నువ్వెలా ఉన్నావు?" అని అడగండి. "బాగానే ఉన్నా" అంటే, ఇంకోసారి అడగండి.

సెలవు.