హారీతికి ఒక ముద్ద

మన కొడకండ్ల నుంచి తిరుమలగిరి మీదుగా ఫణిగిరి గుట్టకు వెళ్లినవాళ్లు బౌద్ధ భిక్షువుల గదుల పునాదులు చూసే ఉంటారు. భిక్షువు సంసారం వదిలేశాడు, సరే. మరి పిల్లకు జ్వరమొస్తే తల్లి ఎవరికి మొక్కుకోవాలి?

జవాబు నాగార్జునకొండలో ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక అక్కడ సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. అదే లోయలో హారీతికీ గుడి ఉండేది. ఈమె ఒకప్పుడు పసిపిల్లల్ని తినే యక్షిణి. బుద్ధుడు ఆమె చిన్నకొడుకును భిక్షాపాత్ర కింద దాచాడట. కడుపుకోత తెలిసొచ్చి, పిల్లల్ని కాచే తల్లిగా మారింది. "మరి నేనేం తినాలి?" అంటే, విహారాల్లో రోజూ నీకో ముద్ద పెడతారన్నాడు. మాట నిలబడింది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, భోజనశాలల దగ్గర ఆమె బొమ్మ ముందు అన్నం పెట్టడం గురించి రాశాడు. పోచమ్మకు బోనమెత్తే మనకు ఇదేమీ వింత కాదు.

విహారంలో దేవతకు చోటివ్వడం అక్కడితో ఆగలేదు. శ్రీలంకలో నేటికీ చాలా విహారాల ఆవరణలోనే విష్ణువుకూ, కతరగామ దేవుడికీ, పత్తిని అమ్మవారికీ గుళ్లుంటాయి. ముందు బుద్ధుడికి పూలు పెడతారు. సంతానం, పంట, రోగాల సంగతి పక్కగుడిలో చెప్పుకుంటారు.